ఉకులేలేకి ఏ తీగలు వేయాలి? కొలత దగ్గర్నుంచి నాదం దాకా

ఉకులేలే అంటే గిటార్‌లా కనిపించే నాలుగు తీగల చిన్న వాద్యం. మా అక్క కూతురు పుట్టినరోజుకి వచ్చిన సొప్రానో, అంటే అన్నిటికంటే చిన్న సైజు ఉకులేలేని తెచ్చి నా ఒళ్లో పెట్టి, "మావయ్యా, ఇది నీదానిలా పలకట్లేదు" అంది. మీటి చూశాను. చెక్క బాగుంది, ఫ్రెట్లు సమంగా ఉన్నాయి, బిరడాలు జారట్లేదు. నాలుగో తీగ దగ్గరికి వచ్చేసరికి విషయం అర్థమైంది. బొటనవేలితో మీటితే బట్టలారేసే తాడులా ఊగుతోంది కానీ శబ్దం రావట్లేదు. కొన్న చోట ఎవరో టెనర్ అనే పెద్ద సైజుకి వేయాల్సిన లో జి సెట్టుని, అంటే నాలుగో తీగ మందంగా ఉండే సెట్టుని, ఆ చిన్న వాద్యానికి బిగించి ఇచ్చారు. ఆ సాయంత్రమే నా దగ్గరున్న సొప్రానో సెట్టు వేసి శ్రుతి చేశాను. అదే పెట్టె, అవే ఫ్రెట్లు, కానీ గొంతు మారిపోయింది. పిల్ల మొహం వెలిగిపోయింది.

ఉకులేలే వాయించేవాళ్లు తీగల గురించి అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీవి మంచివి?" అని. నా అనుభవంలో ఆ ప్రశ్న చివర్న రావాలి. మీ వాద్యం పొడవెంత, దాన్ని ఏ శ్రుతిలో ఉంచుతారు, దాని పెట్టె స్వభావం ఏమిటి, అందులో మీ చెవికి ఏం తక్కువవుతోంది అన్నవి తేలితే కంపెనీ పేరు దానంతట అదే రెండు మూడింటికి తగ్గిపోతుంది. కాబట్టి ఆ వరసలోనే వెళ్దాం.

1. ముందు టేపు తీయండి

మెడ పైకొసన తీగలు ఆనే పట్టీని నట్ అంటారు. పెట్టె మీద తీగలు కట్టే చెక్క బ్రిడ్జి, దాని మీద తీగలు ఆనే పట్టీ శాడిల్. నట్ నుంచి శాడిల్ దాకా తీగ కంపించే పొడవుని స్కేల్ లెంగ్త్ అంటారు. శాడిల్‌ని ఒక్కోసారి కాస్త వెనక్కి జరిపి అమరుస్తారు కాబట్టి, నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా కొలిచి రెండింతలు చేసుకోవడం నికరమైన పద్ధతి. దాదాపు 34 సెంటీమీటర్లు వస్తే సొప్రానో, 38 వస్తే కాన్సర్ట్, 43 వస్తే టెనర్, 48 నుంచి 51 మధ్య వస్తే బారిటోన్. పెట్టె సైజు చూసి నిర్ణయించకండి. సొప్రానో పెట్టెకి కాన్సర్ట్ మెడ పెట్టినవి బజార్లో చాలా ఉన్నాయి. తీగకి కావలసింది మెడ పొడవు లెక్క.

ఈ కొలత ఎందుకింత ముఖ్యమంటే, ఒకే తీగని ఒకే స్వరానికి బిగించినప్పుడు టెన్షన్, అంటే తీగ బిగువు, పొడవు పెరిగినంతే పెరగదు, పొడవు వర్గంతో పెరుగుతుంది. 0.52 మిల్లీమీటర్ల ఫ్లోరోకార్బన్ తీగని ఎ స్వరానికి, అంటే 440 హెర్ట్జ్‌కి బిగించారనుకుందాం. సొప్రానో మీద దాని టెన్షన్ సుమారు 3.5 కిలోలు. కాన్సర్ట్ మీద 4.3. టెనర్ మీద 5.5. తీగ అదే, స్వరం అదే, కానీ వేలి కింద మూడు వేర్వేరు తీగల్లా అనిపిస్తుంది. ప్యాకెట్ మీద "సొప్రానో, కాన్సర్ట్" అని రెండూ కలిపి రాసి ఉంటే, అది సొప్రానో మీద కాస్త మెత్తగా, కాన్సర్ట్ మీద కాస్త గట్టిగా ఉంటుందని అర్థం. రెండింటికీ నడుస్తుంది. టెనర్ సెట్టు సొప్రానోకి మాత్రం చాలాసార్లు నడవదు.

2. పాత తీగల్ని వినండి

విప్పేముందు ఒక్క పది నిమిషాలు. ఫోన్‌ని మూరెడు దూరంలో పెట్టి రికార్డు చేయండి: నాలుగు తీగల్నీ ఒక్కొక్కటిగా, ఆ తర్వాత మీకు అలవాటైన కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటేవి), ఆ తర్వాత మీరు రోజూ వాయించే పాటలో నాలుగు వరసలు. తిరిగి వింటూ ఒక కాగితం మీద మామూలు మాటల్లో రాసుకోండి. పల్చగా ఉందా? గల్లుమంటూ చెవిలో గుచ్చుతోందా? మొద్దుగా, దుప్పటి కప్పినట్టు ఉందా? మీటిన వెంటనే ఆరిపోతోందా, కాసేపు నిలుస్తోందా? నాలుగు తీగల్లో ఏదైనా ఒకటే పైకి అరుస్తోందా?

ఇలా రాసుకోని రోజుల్లో నేను వరసగా మూడు సెట్లు మార్చి, ఏది దేనికంటే మెరుగో చెప్పలేకపోయాను. మారిన తీగ ఎప్పుడూ కొత్తగా ఉంటుంది, కొత్తది ఎప్పుడూ బాగున్నట్టే వినిపిస్తుంది. రికార్డింగు ఉంటేనే పోల్చడం కుదురుతుంది.

ఈ పరీక్షలోనే కొన్ని లోపాలు తీగవి కావని తేలవచ్చు. ఒకే ఫ్రెట్ దగ్గర జుయ్యిమంటే ఆ ఫ్రెట్ లేచి ఉండవచ్చు. బిరడా వదులై శ్రుతి జారుతుంటే దాని స్క్రూ బిగిస్తే సరిపోతుంది. తీగ అడుగున గోటితో నిమిరి చూడండి. ఫ్రెట్లు తగిలే చోట గాట్లు తగిలితే మాత్రం ఆ సెట్టుకి కాలం చెల్లింది. ముందు అలాంటిదే కొత్త సెట్టు వేసి విని, రకం మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచించండి.

3. హై జి కావాలా, లో జి కావాలా?

సొప్రానో, కాన్సర్ట్, టెనర్ మూడింటికీ మామూలు శ్రుతి జి, సి, ఇ, ఎ. ఇందులో గడ్డానికి దగ్గరగా ఉండే నాలుగో తీగ, అంటే జి, గిటార్‌లోలాగా అన్నిటికంటే మందంగా ఉండదు. సి కంటే పైస్థాయిలో, 392 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. తంబురా పట్టుకున్నవాళ్లకి ఇది వింతగా అనిపించదు. అక్కడా మొదట పంచమం, తర్వాత సారణి, అనుసారణి, చివర్న మంద్రం. తీగలు వరసగా పైకో కిందికో వెళ్లవు. ఉకులేలేకి ఉన్న ఆ గలగల, కార్డు కొట్టినప్పుడు స్వరాలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకున్నట్టు వినిపించే తీరు, ఈ హై జి వల్లే.

లో జి అంటే అదే తీగని ఒక స్థాయి కిందికి, 196 హెర్ట్జ్‌కి దించడం. పాత తీగని వదులు చేస్తే కుదరదు, దానికి వేరే మందపాటి తీగ కావాలి. ఇది ఎవరికి అవసరం? విడి స్వరాల్లో పాట వాయించేవాళ్లకి. మన సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. సి ని షడ్జమంగా, అంటే ఒకటో శ్రుతిగా పెట్టుకుంటే, ఉకులేలే నాలుగు తీగలూ ప, స, అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం అవుతాయి. నాలుగూ మోహనం స్వరాలే! హై జి ఉంటే షడ్జమం కిందకి దిగే దారి లేదు. లో జి వేస్తే మంద్ర పంచమం చేతికొస్తుంది, దాని మీద రెండో ఫ్రెట్ నొక్కితే మంద్ర ధైవతం. మోహనంలో ఒక చిన్న గీతం వాయించి చూస్తే ఆ రెండు స్వరాల విలువ తెలుస్తుంది.

పాడుతూ కార్డులు కొట్టేవాళ్లు హై జి తోనే ఉండండి. సొప్రానోకి లో జి నేను సలహా ఇవ్వను. 0.91 మిల్లీమీటర్ల ఫ్లోరోకార్బన్ లో జి తీగ టెనర్ మీద సుమారు 3.3 కిలోల బిగువుతో ఉంటే, సొప్రానో మీద 2.1 దగ్గర ఆగిపోతుంది. మా మేనకోడలి వాద్యంలో తాడులా ఊగింది ఇలాంటి తీగే. అంత చిన్న పెట్టె 196 హెర్ట్జ్ స్వరాన్ని నిండుగా మోయలేదు కూడా. కాన్సర్ట్ మీద ఫర్వాలేదు, టెనర్ మీద చక్కగా కుదురుతుంది.

బారిటోన్ సంగతి వేరు. దాని మామూలు శ్రుతి డి, జి, బి, ఇ, అంటే గిటార్‌లో సన్నని నాలుగు తీగల శ్రుతి. బారిటోన్‌నే జి, సి, ఇ, ఎ కి శ్రుతి చేసేందుకు విడిగా సెట్లు అమ్ముతారు. డి, జి, బి, ఇ సెట్టుని పైకి లాగి ఆ శ్రుతికి తేవాలని చూస్తే తీగ తెగడమో బ్రిడ్జి లేవడమో జరగవచ్చు.

4. తీగ దేనితో చేశారు?

1879 ఆగస్టులో రావెన్స్‌క్రాగ్ అనే ఓడ పోర్చుగీసు వాళ్ల మదీరా దీవి నుంచి వలస కూలీలతో హోనొలులు చేరింది. అందులో వచ్చిన మాన్యుయల్ నూనెస్, అగస్తో దియాస్, జోసె దో ఎస్పిరితో సాంతో అనే ముగ్గురు వడ్రంగులు తమ ఊరి చిన్న తీగవాద్యాన్ని అక్కడి కోవా చెక్కతో చేయడం మొదలుపెట్టారు. ఉకులేలే అలా పుట్టింది. అప్పటి తీగలు జంతువుల పేగుతో చేసినవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైలాన్ వచ్చి పేగు తీగల్ని పక్కకి నెట్టింది. ఇవాళ మనం కొనే సింథటిక్ తీగల్లో కొన్నింటిని ఆ పేగు నాదాన్ని తిరిగి పట్టుకోవాలనే చేశారు.

నైలాన్ తేలికైన పదార్థం. ఒక ఘన సెంటీమీటరు సుమారు 1.14 గ్రాములు తూగుతుంది. తేలిక కాబట్టి కావలసిన స్వరానికి లావుగా చేయాలి. లావు తీగ వేలికి మెత్తగా, గుండ్రంగా తగులుతుంది. నాదం కూడా అలాగే గుండ్రంగా, కాస్త పాతకాలపు రికార్డులోలాగా ఉంటుంది. పదును తక్కువ. నైలాన్‌కి తేమ పీల్చే గుణం ఉంది. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే గదిలో వాయించేవాళ్లకి ఇది రోజూ తెలుస్తూనే ఉంటుంది. ఏసీ గదిలో శ్రుతి చేసి డాబా మీదకి వెళ్లేసరికి మళ్లీ బిరడాలు తిప్పాలి.

నైల్‌గట్ ఇటలీలో విచెన్జా దగ్గరున్న అక్విలా సంస్థ తీగ. పాలరంగులో ఉంటుంది. దాని సాంద్రత పేగు తీగకి దగ్గరగా, సుమారు 1.3 ఉండేలా చేశారు. నైలాన్ కంటే గట్టిగా, చురుగ్గా పలుకుతుంది. చాలా కొత్త ఉకులేలేలు ఫ్యాక్టరీ నుంచే ఈ తీగలతో వస్తాయి, దానికి కారణముంది: పలక చెక్కతో, అంటే ప్లైవుడ్‌తో చేసిన చవక పెట్టెల్ని కూడా ఇది నిద్రలేపుతుంది. పైభాగం కొంచెం గరుకుగా ఉంటుంది. కొందరికి ఆ పట్టు నచ్చుతుంది, నాకు జారు వేసేటప్పుడు, అంటే ఒక స్వరం నుంచి ఇంకోదానికి వేలు జార్చేటప్పుడు, అడ్డంగా అనిపిస్తుంది.

ఫ్లోరోకార్బన్ అన్న పేరు మొదట చేపలు పట్టేవాళ్లకి తెలుసు. 1971లో జపాన్‌కి చెందిన కురేహా సంస్థ గాలం దారంగా దీన్ని తెచ్చింది. నీళ్లలో కాంతి వంగే తీరుకి దీనిలో వంగే తీరు దగ్గర కాబట్టి చేప కంటికి సరిగ్గా కనబడదు. మనకి పనికొచ్చేది దాని బరువు: సాంద్రత 1.78. నైలాన్ కంటే ఇంత బరువు కాబట్టి అదే టెన్షన్‌కి సన్నగా చేయవచ్చు. 0.52 మిల్లీమీటర్ల ఫ్లోరోకార్బన్ చేసే పనికి నైలాన్ అయితే 0.65 కావాలి. సన్నని తీగ సులువుగా వంగుతుంది, పై హరాత్మకాలు (మూల స్వరంతో పాటు పలికే పైస్వరాలు) స్పష్టంగా వస్తాయి, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. తేమకి దాదాపు చలించదు. మార్టిన్, జపాన్ వర్త్, డాడారియో లాంటి వాళ్లందరికీ ఈ రకంలో సెట్లున్నాయి. వర్త్‌లో తెల్లనివి, గోధుమ రంగువి అని రెండున్నాయి. గోధుమ రంగువి కాస్త మెత్తగా పలుకుతాయి. మన తీరప్రాంతంలో ఉండేవాళ్లకి, ఒక్క రకమే చెప్పమంటే, నేను ఫ్లోరోకార్బనే చెబుతాను.

గాలం దారం అదే పదార్థం కదా, చవగ్గా అదే కొని వేసుకోవచ్చా అని అడుగుతారు. వేసుకోవచ్చు, చాలామంది వేస్తారు. కానీ దారం రీలు మీద పెద్ద అక్షరాల్లో ఉండే పౌండ్ల అంకె అది ఎంత బరువుకి తెగుతుందో చెబుతుంది, మందం చెప్పదు. మిల్లీమీటర్లలో ఉన్న వ్యాసం చూసి కొనాలి. అది నిజంగా ఫ్లోరోకార్బనేనా, నైలాన్ మీద పూత మాత్రమేనా అన్నది కూడా చూసుకోవాలి.

"టైటానియం" అని రాసి ఉన్న డాడారియో తీగల్ని చూసి లోహం అనుకోకండి. అవీ ప్లాస్టిక్ జాతి ఏకతంతు (ఒకే పోగు) తీగలే. నైలాన్ కంటే పదునుగా, బిగువుగా ఉంటాయి.

ఇక చుట్టు తీగలు. నైలాన్ పోగుల మీద సన్నని లోహపు తీగ చుట్టినవి. లో జి కి, బారిటోన్ మందపు తీగలకి ఎక్కువగా ఇవే వేస్తారు. సన్నటి తీగలోంచే నిండైన మంద్రం వస్తుంది, అది వాటి సుగుణం. వేలు జరిపినప్పుడల్లా కీచుమంటాయి, అది వాటి దోషం. పైన నున్నగా చదును చేసినవి ఈ కీచు బాగా తగ్గిస్తాయి. చెమట పట్టే చేతులకి చుట్టు తీగలు తొందరగా నల్లబడి, మిగతా మూడూ బాగుండగానే మొద్దుబారిపోతాయి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మిగతా మూడూ మామూలు తీగలైనప్పుడు చుట్టు లో జి ఒక్కటే గదిలో పెద్దమనిషిలా గొంతు పెంచి మాట్లాడుతుంది. ఆ తేడా ఇష్టం లేనివాళ్లు చుట్టు లేని మందపాటి ఫ్లోరోకార్బన్ లో జి వేసుకోవచ్చు. అక్విలా ఎర్ర రంగు లో జి ఇంకో దారి. అందులో రాగి పొడి కలిపి సాంద్రత పెంచారు కాబట్టి చుట్టు లేకుండానే సన్నగా ఉంటుంది.

ఉక్కు తీగల గురించి ఒక్క మాట. మాండొలిన్ శ్రీనివాస్ గారిది పాలకొల్లు కావడం వల్లో ఏమో, మన వైపు ఉకులేలే చూడగానే "దీనికి మాండొలిన్ తీగలు వేస్తే ఎలా ఉంటుంది?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వేయకండి. ఈ బ్రిడ్జి, నట్, లోపలి పలుచటి చెక్క అన్నీ నైలాన్ జాతి తీగల్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఉక్కు తీగ బ్రిడ్జి రంధ్రాన్ని కోసుకుంటూ పోతుంది, దానికి వేసే ముడి కూడా నిలవదు.

గమకాల సంగతి ఇక్కడే చెప్పాలి. ఉక్కు తీగని పక్కకి లాగితే స్వరం గబుక్కున పెరుగుతుంది. ఉకులేలే తీగలు సాగేవి కాబట్టి అదే లాగుడుకి స్వరం కొద్దిగానే కదులుతుంది. వీణలో లాగినట్టు లాగి రెండు స్వరాలు పలికించాలనుకుంటే నిరాశే మిగులుతుంది. జారు మాత్రం అందంగా వస్తుంది. దానికి నున్నని ఫ్లోరోకార్బన్, వేళ్లని అలసట పెట్టని మధ్యస్థమైన టెన్షన్ సరిగ్గా సరిపోతాయి.

5. డబ్బు పెట్టేముందు టెన్షన్ పరీక్ష

ఇప్పుడున్న తీగలు మరీ గట్టిగా ఉన్నాయా, మరీ వదులుగా ఉన్నాయా అన్నది కొత్త సెట్టు కొనకుండానే తేల్చుకోవచ్చు. నాలుగు తీగల్నీ అర స్వరం దించండి. టెన్షన్ 11 శాతం తగ్గుతుంది. పది నిమిషాలు వాయించండి. చేతికి హాయిగా, నాదం వెడల్పుగా అనిపిస్తే మీకు ఇంకాస్త సన్నని తీగలు కావాలి. దించినప్పుడు శక్తి పోయినట్టు, గలగల తగ్గినట్టు అనిపిస్తే ఇప్పుడున్న మందమే మీకు సరైనది, లేదా ఇంకొంచెం లావు కావాలి.

సొప్రానో అయితే పైకీ ప్రయత్నించవచ్చు. ఒక స్వరం పెంచి ఎ, డి, ఎఫ్ షార్ప్, బి కి శ్రుతి చేయడం పాత అలవాటే. టెన్షన్ పావు వంతు పైన పెరుగుతుంది కాబట్టి, తీగలు ముందే గట్టిగా ఉన్న వాద్యం మీద ఈ పని చేయకండి. వదులుగా, నీరసంగా పలికే చిన్న సొప్రానోలు ఈ శ్రుతిలో ఒక్కసారిగా హుషారుగా మారడం చూశాను.

పలుచటి చెక్కతో తేలిగ్గా చేసిన పెట్టె తక్కువ టెన్షన్‌కే పలుకుతుంది. ఎక్కువ బిగిస్తే గొంతు నొక్కినట్టు అవుతుంది. మందపాటి పలక చెక్క పెట్టెని కదిలించాలంటే కాస్త బిగువు కావాలి. వేళ్లు నొప్పి పెడుతున్నాయని అనే పిల్లలకి తక్కువ టెన్షన్ తీగలు వేసి చూడండి. అంతకంటే ముందు నట్ దగ్గర తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయేమో చూడండి, చాలాసార్లు నొప్పికి మూలం అక్కడే ఉంటుంది.

6. పెట్టెలో లేనిది తీగలోంచి తేవాలి

నేను ఎంచుకునే పద్ధతి ఇదే. పెట్టె ఏ వైపు ఒరిగి ఉందో, తీగ దానికి ఎదురు వైపు ఒరగాలి.

పెట్టె పైభాగం స్ప్రూస్ చెక్కతో చేసిన టెనర్ పుట్టుకతోనే పదునుగా ఉంటుంది. దాని మీద తెల్లని పదును తీగలు వేస్తే కార్డు కొట్టినప్పుడు గాజులు పగిలినట్టుంటుంది. గోధుమ రంగు ఫ్లోరోకార్బన్‌తోనో మంచి నైలాన్‌తోనో అది స్థిమితపడుతుంది. మహాగని పెట్టె మెత్తగా, మధ్య స్వరాల్లో నిండుగా పలుకుతుంది. దానికి స్పష్టత కావాలి కాబట్టి సన్నని ఫ్లోరోకార్బన్. హవాయి దీవుల్లో మాత్రమే సహజంగా పెరిగే కోవా ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. దానికీ నేను ఫ్లోరోకార్బన్‌తోనే మొదలుపెడతాను. పలక చెక్క సొప్రానో మూగగా ఉంటే నైల్‌గట్, చెవిలో గుచ్చుతుంటే మామూలు నైలాన్. తోలు బిగించిన బాంజో ఉకులేలే ఎలాగూ టకటకమంటుంది, దానికి మెత్తని నైలాన్ ఇస్తే వినడానికి హాయిగా ఉంటుంది.

శాడిల్ కింద పికప్ (నాదాన్ని స్పీకర్‌కి పంపే పరికరం) ఉన్న వాద్యాన్ని స్పీకర్లో వినాలనుకుంటే చుట్టు లో జి ఒక్కటే మోత మోగుతుందేమో ముందే చూసుకోండి. నాలుగూ ఒకే రకం ఏకతంతు తీగలైతే సర్దుకోవడం తేలిక.

7. ప్యాకెట్ మీద చూడాల్సినవి

నాలుగు చాలు: ఏ పొడవు వాద్యానికి, ఏ శ్రుతికి, హై జి నా లో జి నా, నాలుగు తీగల మందం ఎంత. మందం అంగుళాల్లో ఉంటే 25.4తో గుణిస్తే మిల్లీమీటర్లు వస్తాయి. పాత సెట్టు మందాలు తెలిస్తే వాటి పక్కన పెట్టి చూడండి. ముఖ్యంగా సి తీగ. అది బాగా లావైతే నట్ గాడిలో కూర్చోదు, పైకి తేలి నిలబడుతుంది, మొదటి ఫ్రెట్ నొక్కినప్పుడు స్వరం పైకి పోతుంది. లో జి కి మారేటప్పుడు కూడా ఇదే సమస్య. గాడిని వెడల్పు చేయించాలంటే వాద్యాలు బాగుచేసేవాళ్ల చేతికే ఇవ్వండి. ఒకసారి అరగదీశాక సన్నని తీగకి తిరిగి వెళితే అది గాడిలో అటూ ఇటూ కదిలి మోగుతుంది. అందుకే లో జి నచ్చుతుందో లేదో తెలియనివాళ్లు మొదట సన్నగా ఉండే చుట్టు తీగతోనో ఎర్ర తీగతోనో ప్రయత్నించడం మంచిది.

8. బిగించడం

నాలుగూ ఒకేసారి విప్పకుండా ఒక్కోటి మార్చండి. విడి శాడిల్ ఉన్న వాద్యాల్లో అన్నీ ఒకేసారి తీస్తే అది ఊడి మంచం కిందకి దొర్లుతుంది. బ్రిడ్జి వెనక పెట్టె మీద ఒక అట్టముక్క పెట్టండి. ఎందుకో చెబుతాను.

ముడి వేసే బ్రిడ్జి అయితే తీగ కొసని శబ్దరంధ్రం వైపు నుంచి బ్రిడ్జి రంధ్రంలోకి దూర్చి, వెనకవైపు ఓ ఏడెనిమిది సెంటీమీటర్లు బయటికి లాగండి. ఆ కొసని బ్రిడ్జి మీదుగా ముందుకి తిప్పి, లోపలికి వెళ్తున్న అసలు తీగ కిందుగా పోనిచ్చి, మళ్లీ వెనక్కి తెచ్చి, బ్రిడ్జి మీద పడుకున్న దాని సొంత మెలిక కిందకే దూర్చండి. కొస చివరిసారి ఇరుక్కునే చోటు బ్రిడ్జి వెనక అంచు దిగువన ఉండాలి. పైభాగంలోనే ఇరుక్కుంటే బిగువు పడగానే జారిపోతుంది. లావు సి తీగకి ఒక్క మెలిక చాలు. సన్నగా, నున్నగా ఉండే ఎ తీగకి రెండు మూడు మెలికలు తప్పనిసరి.

నా టెనర్‌కి మొదటిసారి ఫ్లోరోకార్బన్ వేసినప్పుడు ఎ తీగకి ఒక్క మెలికే వేశాను. శ్రుతి చేసి గోడకి తగిలించి పడుకున్నాను. అర్ధరాత్రి టప్పుమని చప్పుడు. పొద్దున్న చూస్తే ముడి జారి, నాలుగు కిలోలకి పైన బిగువుతో ఉన్న తీగ కొస వెనక్కి కొట్టిన చోట స్ప్రూస్ చెక్కలో బియ్యపు గింజంత గాటు. ఇప్పటికీ ఉంది. అట్టముక్క అందుకే.

గాడి ఉన్న బ్రిడ్జి అయితే కొసకి ఎనిమిది ఆకారపు ముడి వేసి గాడిలో కిందకి లాగడమే. సన్నని తీగకి ముడి చిన్నదై జారితే రెండోసారి ముడి వేయండి, లేదా చిన్న పూస గుచ్చండి.

బిరడా దగ్గర రెండు నుంచి నాలుగు చుట్లు చాలు, ఒకదాని కింద ఒకటి వచ్చేలా. కొస వెంటనే కత్తిరించకండి. ఒక రోజు ఆగి, ముడి నిలిచిందని తేలాక కత్తిరించండి.

9. వారం తర్వాతే తీర్పు

కొత్త తీగలు సాగుతాయి. మొదటి రెండు రోజులు వాయించేముందు ప్రతిసారీ శ్రుతి చేయాలి. తీగని మధ్యలో వేలితో మెల్లగా పైకి లాగి వదిలి మళ్లీ శ్రుతి చేస్తుంటే తొందరగా కుదురుకుంటుంది. జుట్టు పట్టి పీకినట్టు లాగకండి, ముడి దగ్గర దెబ్బతింటుంది.

వారం తర్వాత ప్రతి తీగ మీదా 12వ ఫ్రెట్ పరీక్ష చేయండి. ఫ్రెట్ మీద వేలు తాకీ తాకనట్టు పెట్టి మీటితే వచ్చే స్వరం, అదే ఫ్రెట్ నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటే కావాలి. ఫోన్‌లో ట్యూనర్ చూస్తే తేడా కనిపిస్తుంది. సొప్రానో మీద లావు నైలాన్ సి తీగ నొక్కినప్పుడు పైకి పోతే ఆశ్చర్యపోకండి. పొట్టిగా, లావుగా, బిరుసుగా ఉండే తీగ గుణమే అది. బరువైన పదార్థంతో చేసిన సన్నని సి తీగ, అంటే ఫ్లోరోకార్బన్, చాలావరకు దాన్ని సరిచేస్తుంది. ఆ ఒక్క కారణానికే తీగలు మార్చుకోవడం నా దృష్టిలో పూర్తిగా సబబు.

ఆ తర్వాత మొదటిరోజు రికార్డు చేసిన అవే కార్డులు, అవే నాలుగు వరసలు, ఫోన్ అంతే దూరంలో పెట్టి మళ్లీ వాయించండి. రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి. ఇంట్లో ఇంకెవరికైనా ఏది ఏదో చెప్పకుండా వినిపించండి. మా మేనకోడలు కళ్లు మూసుకుని విని, "రెండోది నవ్వుతోంది" అంది. నేను కాగితం మీద రాసుకున్న మాటలన్నిటికంటే ఆ మాటే నాకు పనికొచ్చింది.

10. మళ్లీ ఎప్పుడు?

రోజూ అరగంట వాయించేవాళ్లకి ఏకతంతు తీగలు ఆరు నెలల దాకా బాగుంటాయి, కొందరికి ఏడాదీ వస్తాయి. చుట్టు తీగని అంతకంటే ముందే మార్చాలి. చుట్టు విడిపోయినా, నల్లబడి గొంతు పూడినా ఆ ఒక్కటీ విడిగా కొనవచ్చు. వాయించాక మెత్తని గుడ్డతో తుడిస్తే ఆయుష్షు పెరుగుతుంది, ఎండాకాలంలో మరీనూ.

ఏ తీగలు, ఏ మందం, ఏ తేదీన వేశారో ఒక చీటీ మీద రాసి ఉకులేలే సంచీ జేబులో పెట్టుకోండి. విప్పిన పాత సెట్టులో ఎ తీగకి గాట్లు లేకపోతే చుట్ట చుట్టి ఆ చీటీతో పాటే ఉంచండి. అందరికంటే ముందు జారేదీ తెగేదీ అదే, అదీ ఆదివారం సాయంత్రం షాపులు మూసేశాకే.